ఎస్ మీద అతికించిన జీ

మా మామగారు నాకు ఫోన్ చేయడం అరుదు. ఒకే ఇంట్లో ఉంటాం, పిలవాలంటే గొంతు చాలు. ఆ ఆదివారం మాత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి ఫోన్ చేసి, "జర కిందికి రా బిడ్డా, ఒకటి చూపిస్త" అన్నారు. కారుకు ఎక్కడో గీత పడిందనుకుని, చేతికి శనగపిండి ఉండగానే లిఫ్ట్ ఎక్కాను.

కారుకు గీత పడలేదు, అక్షరం మారింది. నంబర్ ప్లేటు మీద టీఎస్ అని ఉండాల్సిన చోట టీజీ అని ఉంది. మదీనాగూడలో హైవే పక్కన రేడియం స్టిక్కర్లు కోసే షాపు ఉంటే, అక్కడికి వెళ్లి ఒక తెల్ల ముక్క మీద నల్లటి జీ కోయించుకుని, ఎస్ మీద అతికించుకుని వచ్చారు. ముందు ప్లేటుకు ఒకటి, వెనక ప్లేటుకు ఒకటి. ప్లేటు మీద అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి కదా, కొత్త జీ అడుగున పాత ఎస్ ఒంపులు తెలుస్తూనే ఉన్నాయి. దుప్పటి ముసుగేసుకుని పడుకున్న మనిషిలా ఉంది.

"ఎట్లుంది?" అన్నారు.

"బాగుందండి" అన్నాను. అంతకంటే ఏమనాలో నాకు తెలియలేదు.

నా అయోమయం అర్థం కావాలంటే ఆయన సంగతీ నా సంగతీ రెండూ చెప్పాలి. ఆయన ఈ శేరిలింగంపల్లి మండలంలోనే పుట్టి, సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆయన స్కూటర్ మీద ఏపీ అని ఉండేది. అది చెరిపేసి పెయింటుతో టీజీ అని రాసుకున్నారు. అప్పట్లో చాలామంది అలాగే రాసుకున్నారట. ఒకరోజు మదీనాగూడ దగ్గర ఒక పోలీసాయన బండి ఆపి, రోడ్డు పక్కన పడున్న కంకరరాయి చేతికిచ్చి గీకమన్నాడు. బస్టాపులో జనమంతా చూస్తుండగా మామగారు డ్రైవర్ యూనిఫాంలోనే కూర్చుని గీకారు. ఆ కథ మా ఇంట్లో పండక్కీ పబ్బానికీ వస్తుంది. కంకరరాయి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన గొంతు తగ్గిపోతుంది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. బండ్ల మీద టీజీ వస్తుందని ఆయన ఎదురుచూశారు, టీఎస్ వచ్చింది. "బిడ్డ పుట్టింది గని అనుకున్న పేరు పెట్టలే" అనేవారు. ఆ టీఎస్‌తోనే మేం ఈ కారు కొన్నాం. కొన్నేళ్లు గడిచాక, ఎవరూ అనుకోని సమయంలో, ఇకమీదట టీజీయే అని సర్కారు ప్రకటించింది. ఆ రోజు ఆయన టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ పైన మదీనాగూడ వెళ్లకుండా ఎలా ఉంటారు?

ఇక నా సంగతి. నేను కృష్ణ ఒడ్డున పుట్టినదాన్ని. ఉద్యోగానికి హైటెక్ సిటీ వచ్చి, అప్పటి ఆఫీసులో పక్క సీటు అబ్బాయిని చేసుకుని, నల్లగండ్లలో కాపురం పెట్టాను. ఇన్నేళ్లయినా నా "అండీ"లు వదల్లేదు, మామగారు వాటిని వెక్కిరించడం మానలేదు. ఆ ప్లేటు చూడగానే నోటిదాకా వచ్చిన మాట, "ఇలా మార్చుకోవచ్చా అండి?" అనేదే. కానీ ఆ మాట నా నోటి నుంచి వస్తే ట్రాఫిక్ రూల్‌లా వినపడదు. ఆంధ్రా కోడలు జీ వద్దందని వినపడుతుంది. అందుకని నోరు మూసుకున్నాను. ఒక అక్షరం గురించి సొంత ఇంట్లో ఇంత ఆలోచించాల్సి రావడం నాకు ఒళ్లుమంట తెప్పించింది కూడా.

మా ఆయన ఆ ప్లేటు చూసి నవ్వి ఊరుకున్నారు. ఆయన ఫికర్ వేరే. తండ్రికి డెబ్బై దాటాయి, చూపు ఇంకా బాగానే ఉంది కానీ, ఆ మధ్య ఒకసారి ఎర్ర లైటు పడ్డాక కూడా చౌరస్తా దాటేశారు. అప్పటి నుంచి మా ఆయనది ఒకటే మాట. "నాయినా, చెప్తున్న ఇను. ఒక్కసారి పోలీసోళ్లు నిన్ను ఆపిండ్రంటే, ఇగ తాళంచెవి నా దగ్గరనే ఉంటది."

మామగారు దానికి టీవీ గొంతు పెంచేవారు. కానీ ఆ తాళంచెవి పోతే ఆయనకేం మిగులుతుందో నాకు తెలుసు. నాకు కారు నడపడం రాదు, ఈ ఐటీ కారిడార్ ట్రాఫిక్‌లో నేర్చుకునే ధైర్యమూ లేదు. రోజూ పొద్దున తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని, షూ వేసుకుని, నన్ను ఆఫీసు గేటు దాకా దింపడం, సాయంత్రం తీసుకురావడం ఆయన డ్యూటీ. అది ఆయన వాడే మాటే. "డ్యూటీకి టైమయింది" అంటూ గోడకున్న కొక్కెం మీది తాళంచెవి తీసేటప్పుడు ఆయన నడుము నిటారుగా అయ్యేది. ఆ పని లేని ఆదివారాల్లో ఆ మనిషిని చూస్తే జాలేసేది.

ప్లేటు సంగతి ఆఫీసులో బయటపడింది. గేటు దగ్గర మా కారు చూసిన ఒకామె మధ్యాహ్నం భోజనాల దగ్గర, "కొత్త కారా?" అని అడిగింది. కాదు, పాతదే అన్నాను. "మరి టీజీ ఎలా వచ్చింది? కొత్తగా రిజిస్టరైన వాటికే కదా టీజీ. పాతవి టీఎస్‌తోనే తిరగాలి. మార్చితే పోలీసులు ఆపుతారు" అంది. నేను కలిపిన ముద్ద మళ్లీ డబ్బాలో పెట్టేశాను.

ఆ తర్వాత బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా తలా ఒక మాట అందుకున్నారు. కానిస్టేబుల్‌కు బండి ఆపే హక్కే లేదు, ఎస్సై ఉండాలన్నాడొకడు. యూనిఫాంలో ఉన్న ఏ పోలీసైనా లైసెన్సు అడగొచ్చు, ఆపకుండా ఎలా అడుగుతారన్నాడు ఇంకొకడు. కంటికి కనపడే తప్పుంటేనే ఆపాలని మూడో ఆమె. తప్పుందో లేదో తెలుసుకోవడానికే ఆపుతారని పక్కాయన. తాళంచెవి మాత్రం లాక్కోకూడదని అందరూ ఒప్పుకున్నారు. "మీకెవరు చెప్పారండి?" అని అడిగితే, అందరికీ వాట్సాప్‌లోనే వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న తప్పుంటే రోజులకు రోజులు తవ్వి పట్టుకునే మనుషులు! రోడ్డు మీద చెయ్యి చూపి ఆపే మనిషి ఎవరో, ఎందుకో ఒక్కరికీ తెలియదు. నేను మొబైల్లో చట్టం తెరిచి చదివాను. ఒక సెక్షన్‌లో ఎస్సై అని ఉంది, ఇంకో సెక్షన్‌లో యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారైనా అని ఉంది. చదవకముందే నయం అనిపించింది.

సాయంత్రం దారిలో మెల్లగా ఎత్తాను. "మామయ్యగారూ, పాత బండ్లకు టీజీ పెట్టుకోకూడదంటున్నారండి ఆఫీసులో."

"ఎవలన్నరు?"

"అంటున్నారండి. రికార్డుల్లో టీఎస్ అనే ఉంటుందట."

ఆయన సిగ్నల్ దగ్గర కారు ఆపి, ఎదురుగా ఒక సర్కారు బండి వైపు చెయ్యి చూపించారు. దాని తలుపు మీద ఎస్ చెరిపేసి జీ రాసిన గుర్తు తెలుస్తోంది. "గదిగో చూడు. సర్కారోళ్లు పాత బండ్ల మీద ఎస్ తీసి జీ రాసుకుంటున్నరు. బోర్డులు మారుస్తున్నరు, కాయితాలు మారుస్తున్నరు. వాళ్లకొక న్యాయం, నాకొక న్యాయమా?"

ఆయన చెప్పింది వింటే ఆయనదే నిజమనిపించింది, ఆఫీసులో విన్నప్పుడు వాళ్లదే నిజమనిపించింది. ఇంటికెళ్లి మా ఆయనతో చెబుదామా అంటే తాళంచెవి పోతుంది. చెప్పకపోతే పోలీసులు ఆపుతారు, అప్పుడూ తాళంచెవి పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పైగా ఆ మధ్యే పెట్రోలు బంకులో ఒక కుర్రాడు ప్లేటు చూసి, "జబర్దస్త్ తాతా!" అని చెయ్యెత్తి మొక్కాడు. ఆ మొక్కుతో మామగారికి నా మాట అస్సలు ఎక్కలేదు.

అలా కొన్నాళ్లు గడిచాయి. ఒక పొద్దున కొత్తగూడ దాటి హైటెక్ సిటీ వైపు వస్తుంటే, రోడ్డు పక్కన పోలీసులు నిలబడి ఉన్నారు. ఒక కానిస్టేబుల్ మా కారు ముందుభాగం చూసి, పక్కనున్న వాడికి వేలితో చూపించి, మాకు చెయ్యి ఊపాడు.

ఆ చెయ్యి రమ్మంటోందో, పొమ్మంటోందో, ఆగమంటోందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సీటు బెల్టు చూసుకున్నాను, ఉంది. ఫోన్ ఎవరి చేతిలోనూ లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ గుర్తొచ్చింది, అదీ ఉంది. మామగారు మాత్రం చిరునవ్వుతో కారు పక్కకు తీసి, అద్దం దించి, కానిస్టేబుల్ మాట్లాడకముందే అన్నారు.

"మంచిగున్నదా?"

కానిస్టేబుల్ తెల్లబోయాడు. "ఏంది మంచిగుండుడు?"

"ప్లేటు! సూసి ఆపినవ్ గదా?"

ఆయన ఇది కూడా పెట్రోలు బంకు మొక్కే అనుకున్నారు. తన అక్షరం చూసి ముచ్చటపడి ఆపారని అనుకున్నారు. కానిస్టేబుల్‌కు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు, వెనక్కి తిరిగి, "మేడం" అని కేకేశాడు. ఒక లేడీ ఎస్సై వచ్చింది, వయసులో నాకంటే చిన్నది.

ఆమె ఆర్సీ అడిగి తీసుకుని, ప్లేటు చూసి, తన చేతిలోని ఫోన్‌లో నంబర్ కొట్టి చూసింది. "తాతా, ఈ నంబర్ మీద బండే లేదు."

"బండి లేకుంటే మేమెట్లొచ్చినం మేడం?"

"టీజీ అని కొడితే ఏం రావట్లే. ఆర్సీల టీఎస్ ఉన్నది. దొంగ బండ్లను గిట్లనే అక్షరం మార్చి తిప్పుతరు. అందుకే ఆపినం."

మామగారి ముఖంలో నవ్వు అప్పుడు పోయింది. "నన్ను దొంగ అంటున్నవా బిడ్డా?"

"నేను అనలే తాతా. ప్లేటు అంటున్నది."

నా కోపం నన్ను ఆగనిస్తేనా? తలుపు తీసుకుని దిగి, "ఏ సెక్షన్ కింద ఆపారండి మీరు? పెద్దాయనతో మాట్లాడే పద్ధతేనా అండి ఇది?" అన్నాను. భోజనాల బల్ల దగ్గర విన్న న్యాయశాస్త్రమంతా ఒక్కసారిగా నోటికొచ్చింది. మొదట కానిస్టేబుల్‌కు ఆపే హక్కు లేదన్నాను, ఎస్సై ఎదురుగానే ఉంది. తప్పు కనపడితేనే ఆపాలన్నాను, తప్పు నా మోకాలి ఎత్తులో కనపడుతూనే ఉంది. తాళంచెవి లాక్కోకూడదన్నాను, దాన్ని ఎవరూ అడగనే లేదు.

ఎస్సై నా మాటలు పూర్తిగా విని, "అయిపోయిందా మేడం?" అంది. "స్టిక్కర్లు ఇక్కడనే తీసెయ్యుండ్రి. అసలు నంబర్ తోటి చెక్ చేస్త, సరిగుంటే పోవచ్చు. లేకుంటే బండి స్టేషన్‌కు పోతది, కేసు అయితది."

ఆమె మాటలో కాఠిన్యం లేదు. నిజానికి మంచి మాటే చెప్పింది. బండి స్టేషన్‌కు వెళితే మా ఆయనకు ఫోన్ వెళుతుంది, ఆ సాయంత్రం నుంచి కొక్కెం మీద తాళంచెవి ఉండదు. తీసేస్తే సరిపోతుంది. నేను మామగారి వైపు చూశాను.

ఆయన కారు దిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. "నేను తియ్య" అన్నారు. "ఒకపారి తీసిన. ఇగ నా చెయ్యితోని తియ్య. మీకు గావాల్నంటే మీరే తీస్కోండ్రి."

"మేం ముట్టం తాతా, మీ బండి" అంది ఎస్సై.

ఆ తీసిందేమిటో అక్కడ నాకొక్కదానికే తెలుసు. చెబుదామనుకున్నాను. కంకరరాయి, బస్టాపు, డ్రైవర్ యూనిఫాం. కానీ ఆ కథ ఆయన నోటితో చెప్పాల్సింది, నా అండీలతో చెబితే ఏదోలా ఉంటుంది. మరి అప్పుడు తప్పయింది ఇప్పుడూ ఎందుకు తప్పు? అప్పుడు లేని రాష్ట్రం అక్షరం రాసుకున్నందుకు ఆపారు. ఇప్పుడు ఉన్న రాష్ట్రం అక్షరమే రాసుకుంటే ఆపారు. మధ్యలో ఎక్కడో ఒకరోజైనా ఆ మనిషికి అది ఒప్పయిన రోజు ఉండాలి కదా. ఎంత ఆలోచించినా ఆ రోజు నాకు దొరకలేదు. ఎస్సై చెప్పిందాంట్లోనూ నాకు తప్పు దొరకలేదు.

వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. ఇంక చేసేదేం లేక నేనే కారు ముందు గొంతుక్కూర్చున్నాను. జీ అంచు కింద గోరు పెట్టి లాగాను. రేడియం స్టిక్కరు ఎండకు అంటుకుపోయి, రవ్వంత కూడా లేవలేదు. మళ్లీ లాగాను. ఆఫీసులకు వెళ్లే జనం బైకుల మీద పోతూ తల తిప్పి చూస్తున్నారు. నేను ఆంధ్రా దాన్నని వాళ్లెవరికీ తెలియదు. నాకు తెలుసు, నా వెనక నిలబడ్డ ఆయనకు తెలుసు. ఇన్ని లక్షల మంది ఉన్న ఊళ్లో ఆ అక్షరం మీద గోరు పెట్టాల్సింది నేనా? ఏడుపొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపమొచ్చింది.

"లే బిడ్డా."

మామగారు నా పక్కకు వచ్చారు. "లే. నువ్వు తియ్యొద్దు ఇది."

"పర్లేదండి, వచ్చేస్తుంది."

"వస్తది. గని నువ్వు తియ్యొద్దు. రేపు నీ మనసుల ఉంటది, నా మనసుల ఉంటది." బంపర్ పట్టుకుని, మోకాళ్లు పటపటమంటుంటే మెల్లగా కూర్చున్నారు. జేబులోంచి కారు తాళంచెవి తీసి, దాని అంచుతో గీకడం మొదలుపెట్టారు. తల ఎత్తలేదు. నల్ల ముక్క కొంచెం కొంచెంగా లేచింది, తర్వాత తెల్లది లేచింది. కింది నుంచి ఎస్ బయటికి వచ్చింది. ఎస్సై ఇంకో వైపు చూస్తూ నిలబడింది. ఆమెకు కథ తెలియదు, అయినా చూడకూడదని ఏదో అనిపించి ఉంటుంది.

అది అయ్యాక ఆయనకు లేవడం కష్టమైంది. నేను చెయ్యి పట్టుకుని లేపాను. వెనక ప్లేటు ఇంకా అలాగే ఉంది. ఆయన అటు చూశారు, నన్ను చూశారు, తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"వెనకది నువ్వు తియ్యి."

నాకు అర్థం కాలేదు. "ఇందాక వద్దన్నారు కదండీ?"

"ఒక్కదానివి తీస్తే నువ్వు తీసినట్టు. ఒక్కన్ని తీస్తే నేను తీసినట్టు. ఇద్దరం తీస్తే ఎవ్వలు తీసినట్టు గాదు."

ఆ లెక్క సరైనదో కాదో తెలియదు. వెళ్లి కూర్చుని గీకాను. ఆయన పక్కనే నిలబడి, "కింది నుంచి లేపు, పైన గట్టిగుంది" అని చెబుతూ ఉన్నారు, వంటింట్లో నేను వంకాయ తరుగుతుంటే చెప్పినట్టే. రెండోది తొందరగానే వచ్చింది. ఎస్సై మళ్లీ ఫోన్‌లో నంబర్ కొట్టి, "ఆ, ఇప్పుడు దొరికింది తాతా మీ బండి" అని ఆర్సీ ఇచ్చేసింది. మామగారు ఆమెకు సెల్యూట్ కొట్టి కారెక్కారు. అది నిజమైన సెల్యూటో ఎత్తిపొడుపో నాకు తెలియదు, ఆయనకూ తెలిసి ఉండదు.

ఆ సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వస్తూ సెల్లార్లో ప్లేటు చూశారు. పైకి వచ్చి, చెప్పులు విప్పుతూనే అడిగారు.

"నాయినా, జీ ఏమాయె?"

మామగారు టీవీ మీది నుంచి చూపు తిప్పకుండా, "వానకు ఊడింది" అన్నారు.

మా ఆయన నా వైపు తిరిగారు. "అవునండి, వానకే" అన్నాను. నడి ఎండాకాలం అది. వాన అనే మాట విని ఎన్నాళ్లయిందో. ఆయన బాల్కనీ తలుపులోంచి ఆకాశం వైపు ఒకసారి చూసి, గోడ దగ్గరికి వెళ్లి, కొక్కెం మీది తాళంచెవి తీశారు. మామగారు టీవీ గొంతు తగ్గించారు. నేను స్టవ్ కట్టేశాను.

మా ఆయన తాళంచెవి వెలుగులోకి తిప్పి చూశారు. దాని పళ్ల మధ్య నల్లటి రేడియం ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. ఆయనకు కంకరరాయి కథ అది జరిగిన రోజు నుంచీ తెలుసు. గోటితో ఆ ముక్క తీసేసి, తాళంచెవి మళ్లీ కొక్కానికే తగిలించారు.

"రేపు జర జల్ది బయల్దేరుండ్రి నాయినా" అన్నారు. "కొత్తగూడ దగ్గర ట్రాఫిక్ ఉంటది."